ఐసు ఫ్యాక్టరీ కథ ఎవరిది

అరవై తొమ్మిదేళ్ళు నిండినా ఆమెను రచయితల సంఘంలో ఇంకా టైపమ్మాయి అనే పిలుస్తారు. మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, కళ్ళకు రెండుసార్లు ఆపరేషనయింది, టైపు మిషను తుక్కు కింద పోయి పదిహేనేళ్ళు దాటింది. పిలుపు మాత్రం పోలేదు. దానికి ఆమె ఏనాడూ కోపం తెచ్చుకోలేదు. ఆమెకు ఒళ్ళు మండింది వేరే సంగతికి. సంఘం యాభయ్యేళ్ళ సంచిక అచ్చుకు పోయేముందు తప్పులు చూసిపెట్టమని కార్యదర్శి ఒక కాగితాల కట్ట పంపాడు. అందులో పదకొండో పేజీలో, "చల్లని చేతులు" అనే కథ కింద, లెక్కల మాస్టారి పేరుంది.

ఆమె కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. కళ్ళజోడు ఎంత తుడిస్తే మాత్రం కాగితం మీది పేరు చెరిగిపోతుందా?

ఆ కథ రాసింది ఆమె చెల్లెలు. ఈ ముక్క పైకి చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు, ఒక్క సాక్షీ లేడు. ఎందుకు లేడో తెలియాలంటే ఆ సంఘం ఎలా పుట్టిందో ముందు చెప్పుకోవాలి.

యాభయ్యేళ్ళ కిందట గ్రంథాలయం మేడ మీద ఒక సాహిత్య సభ జరిగింది. ఒక పెద్దాఫీసరు, తన కుక్క చచ్చిపోయిన వైనం కథగా రాసుకొచ్చి చదివాడు. కుక్క మొదటి పేజీలోనే పోయింది. మిగతా పద్నాలుగు పేజీలూ ఆఫీసరు బాధపడ్డాడు. సభలో సగం మంది రుమాళ్ళు తీశారు. ఆయన కింద పనిచేసే ఇద్దరైతే ఎవరు ఎక్కువ ఏడుస్తారో తేల్చుకుందామన్నట్టు ఏడ్చారు. ఆ తరవాత ఆసుపత్రి కంపౌండరు ఒకాయన లేచి, నిజంగా బాగున్న కథ చదివాడు. రెండో పేజీ తిప్పేసరికి జనం చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

ఇంటికి పోతూ దారిలో లెక్కల మాస్టారు అన్నారు. "వీళ్ళు కథ విని ఏడవట్లేదయ్యా, పేరు విని ఏడుస్తున్నారు. పేరు తీసేసి చూద్దాం. అప్పుడు తెలుస్తుంది ఎవరికి ఏడుపొస్తుందో."

అలా పుట్టింది సంఘం. పుట్టించింది నలుగురు. లెక్కల మాస్టారు, ఆ కంపౌండరు, ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసే ఒక పెద్దమనిషి, టైపు ఇన్‌స్టిట్యూట్లో పనిచేసే పందొమ్మిదేళ్ళ అమ్మాయి. చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ళ నుంచి రాసేవాళ్ళు నెలకోసారి, ఆదివారం మధ్యాహ్నం, ఒక కుట్టుమిషన్ల షాపు పైన గదిలో చేరాలి. రాసినవాళ్ళు తమ రచన చదవకూడదు, పేరు పెట్టకూడదు. చేతిరాతను బట్టి పోల్చుకుంటారు కాబట్టి అన్నీ ఒకే మిషను మీద టైపు చేయించాలి. టైపయ్యాక రాతప్రతిని అక్కడికక్కడే చింపెయ్యాలి. అందరి రచనలూ మాస్టారే చదువుతారు. విన్నాక తిట్టేవాళ్ళు తిట్టొచ్చు, మెచ్చేవాళ్ళు మెచ్చొచ్చు, రాసిన మనిషి కిక్కురుమనకుండా కూర్చోవాలి. అంతా అయ్యాక మాస్టారు "ఎవరిది?" అని మూడుసార్లు అడుగుతారు. ధైర్యముంటే లేచి నిలబడొచ్చు. లేవకపోతే ఆ రచన సంఘానిదవుతుంది. మొదటి నెలలోనే ఒకాయన, తాను రాయని పద్యాన్ని అందరూ మెచ్చుకున్నారని తెలిసి, వారం తరవాత వచ్చి "అది నాదే" అన్నాడు. దాంతో ఇంకో తీర్మానం చేశారు. ఆ రోజు లేవనివాళ్ళు తరవాత అడిగినా చెల్లదు. ఎవరు రాశారో తెలిసిన ఒకే ఒక్క మనిషి టైపమ్మాయి. ఎవరు ఎప్పుడు అడిగినా ఆమె నోరు విప్పకూడదు.

ఆమె అందరి ముందూ ఒట్టు పెట్టుకుని, తీర్మానాల పుస్తకం రెండో పేజీలో సంతకం చేసింది. పందొమ్మిదేళ్ళ పిల్లకు అంతమంది పెద్దవాళ్ళ రహస్యాలు కాపాడే పని ఇస్తే ఎలా ఉంటుంది? నేల మీద నిలవలేదు ఆవిడ.

ఆ ఏడాదే పదిహేడేళ్ళ చెల్లెలు రూళ్ళ కాగితాలు నాలుగు తెచ్చి ఇన్‌స్టిట్యూట్లో ఆమె ముందు పెట్టింది. ఇంట్లో ఇవ్వలేదు. అందరిలాగే వచ్చి వరసలో నిలబడి ఇచ్చింది. "టైపు చెయ్యవే అక్కా. చదివి నవ్వావంటే మాత్రం ఊరుకోను."

అక్క నవ్వలేదు. ఆ నాలుగు కాగితాల్లో ఉన్నది వాళ్ళ నాన్న. ఇరవయ్యేళ్ళుగా ఐసు ఫ్యాక్టరీలో రంపప్పొట్టు కప్పిన ఐసు దిమ్మలు లాగి లాగి ఆయన వేళ్ళకు స్పర్శ పోయింది. వేడి తెలియదు, చలి తెలియదు, మేకు గుచ్చుకున్నా తెలియదు. అది ఫ్యాక్టరీలో తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఆయన దాచిపెట్టి నెట్టుకొస్తున్నాడు. చెల్లెలు ఆ సంగతంతా, ఏ ఊరని గానీ ఎవరని గానీ చెప్పకుండా, ఆడో మగో తెలియకుండా "నేను" అని రాసింది. టైపు చేస్తున్నంతసేపూ అక్కకు అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. తరవాత నియమం ప్రకారం ఆ నాలుగు కాగితాలూ చెల్లెలి కళ్ళముందే ముక్కలు ముక్కలుగా చింపి బుట్టలో వేసింది.

మాస్టారు ఆ కథ చదివిన ఆదివారం గదిలో ఎవరూ దగ్గను కూడా లేదు. చదువుతూ చదువుతూ మాస్టారే ఆగిపోయి, గొంతు సవరించుకుని, మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పేరు లేకుండా ఏడిపించే కథ దొరికింది! కంపౌండరు లేచి చప్పట్లు కొట్టాడు. "ఇది ఎవరో తలపండిన మనిషి రాసింది" అని ఒకాయన తేల్చేశాడు. మాస్టారు "ఎవరిది?" అన్నారు. చివరి బెంచీలో చెల్లెలు లేవబోయింది. లేవబోయి, ముందు వరసలో కూర్చున్న ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా తలను చూసింది. తాను లేస్తే ఆ వేళ్ళు ఎవరివో ఆయనకు తెలుస్తుంది. మాస్టారు రెండోసారి అడిగారు, మూడోసారి అడిగారు. చెల్లెలు రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

నాన్న ఇంకో ఆరేళ్ళు పనిచేశాడు. ఆ ఆరేళ్ళ అన్నం ఆ పిల్ల లేవకపోవడం వల్ల దొరికిందే.

సంఘంలో లేచి నిలబడని రచనలు చాలానే ఉన్నాయి. వాటిలో నూటికి తొంభై తొమ్మిది సిగ్గుపడి లేవనివి, సిగ్గుపడాల్సినవే. సంఘం గర్వంగా చెప్పుకునేది ఈ ఒక్కదాన్నే. ప్రతి వార్షికోత్సవానికీ మాస్టారు దాన్ని చదవాల్సిందే. చదివాక టైపమ్మాయిని చూపించి, "మన సంఘానికి పునాది రాయి ఈ అమ్మాయి నోరు" అనేవారు. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లంటే ఆమెకు ప్రాణం. నాన్న పోయాడు, ఐసు ఫ్యాక్టరీ మూతపడింది, గుమాస్తా పోయాడు, కంపౌండరు పోయాడు. ఇంక దాచడానికి కారణమే లేదు. అయినా ఆమె చెప్పలేదు. ఒట్టు అని చెల్లెలితో అనేది. ఒట్టు మాటెలా ఉన్నా, అసలు కారణం ఆ చప్పట్లేనని ఆమెకు లోలోపల తెలుసు.

చెల్లెలు నర్సయింది, ఇంకో ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు చేసింది, మళ్ళీ కథ రాయలేదు. మూడేళ్ళ కిందట తాను పనిచేసిన ఆసుపత్రిలోనే మంచం పట్టి, ఒకరోజు అంది. "అక్కా, నేనెప్పుడూ నిన్నేదీ అడగలేదు. ఆ కథ కింద నా పేరు వేయించవే. ఒక్కసారి."

"యాభయ్యేళ్ళ సంచికలో వేయిస్తా. నాదీ పూచీ."

"మర్చిపోవు కదా?"

"నువ్వే చూస్తావుగా!"

చెల్లెలు చూడలేదు. ఇప్పుడు సంచిక అచ్చుకు పోతోంది, మాస్టారి పేరుతో.

మర్నాడు పొద్దున్నే ఆమె కార్యదర్శి ఆఫీసుకు వెళ్ళింది. కార్యదర్శి ఇన్సూరెన్సు ఏజెంటు. ముందు కార్యదర్శిగారనీ వెనక పాలసీ అనీ అంటారు. మంచివాడే. సంఘం కోసం ఇల్లూ వాకిలీ మర్చిపోయి తిరుగుతాడు. ఆమెను చూడగానే కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"చూశారా ఆంటీ పదకొండో పేజీ? యాభయ్యేళ్ళుగా తేలని గుట్టు తేల్చేశాం! మొన్న మాస్టారి దగ్గరికి వెళ్ళి పాత సంగతులేవైనా చెప్పమని కూర్చున్నా. పాపం, టీ తాగారో లేదో కూడా గుర్తులేదాయనకి. ఉన్నట్టుండి 'మా నాన్న ఐసు ఫ్యాక్టరీలో చేసేవాడు' అని మొదలుపెట్టి, కథంతా పొల్లుపోకుండా చెప్పేశారు. కళ్ళెమ్మట నీళ్ళు! అప్పుడర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ తన కథ తనే చదువుకుంటూ, బయటపడకుండా ఎంత గొప్పగా ఉన్నారు!"

"అది ఆయనది కాదు బాబూ. మా చెల్లెలిది."

ఆమె మొత్తం చెప్పింది. యాభయ్యేళ్ళు కడుపులో దాచుకున్నది చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

"కాగితం ఏదన్నా ఉందా ఆంటీ? చేతిరాత?"

"నేనే చింపాను."

"పోనీ ఎవరికన్నా తెలుసా?"

"నాకు తెలుసు."

"మీరు చెప్పకూడదని తీర్మానం ఉంది కదా. రెండో పేజీలో. మీ సంతకమే ఉంది." అతను ఎగతాళికి అనలేదు, నిజంగానే ఇబ్బంది పడుతూ అన్నాడు. "మూడుసార్లు అడిగినప్పుడు లేవకపోతే తరవాత చెల్లదని కూడా ఉంది. మీ మాట నేను నమ్ముతా. రేపు యాభయ్యేళ్ళ సభలో నలుగురూ నమ్మొద్దా? ఆ కథ కోసం ఇప్పటికి ఎంతమంది నాది నాదని వచ్చారో మీకే తెలుసు. ఇల్లు కదలలేని పెద్దాయన పేరు కొట్టేసి చెల్లెలి పేరు రాయించుకుందంటే, మిమ్మల్నే ఆడిపోసుకుంటారు."

ఆమెకు ఏడుపొచ్చింది. తన చేత్తో తానే కట్టిన గోడ. ఎక్కడా ఒక్క ఇటుక కూడా కదలడం లేదు.

"ఒక పని చేద్దాం. సాయంత్రం నాలుగింటికి నేను మాస్టారింటికి వెళ్తున్నా. సభకి రాలేరు కాబట్టి కథ ఆయన గొంతుతో రికార్డు చేస్తా. మీరూ రండి. నాది కాదని ఆయన నోటితో ఒక్క మాట అనిపించండి చాలు. అక్కడికక్కడే ఫోన్ చేసి పేరు మార్పిస్తా. ఆరింటికి అచ్చు మొదలెడతారు మరి."

ఆమె మూడున్నరకే మాస్టారింటి ముందుంది. మాస్టారి భార్య వసారాలో కూర్చుని, ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. ఎనభయ్యేళ్ళ మనిషి. రోజుకు మూడు దుప్పట్లు ఉతకాల్సి వస్తోందని ఆ కట్టను చూస్తేనే తెలుస్తుంది.

"ఆ కథ గురించేగా వచ్చావు టైపమ్మాయ్?"

"మీకు తెలుసా అక్కయ్యగారూ?"

"ఎవరిదో తెలీదు. ఆయనది కాదని తెలుసు. మా మావగారు రిజిస్ట్రారాఫీసులో పనిచేసేవారు. ఐసు ఫ్యాక్టరీ మాట దేవుడెరుగు, ఆయన చన్నీళ్ళు ముట్టుకోగా నేను చూడలేదు." ఆవిడ చిన్నగా నవ్వి, మళ్ళీ దుప్పటి అందుకుంది. "ఎవరిదమ్మా?"

"మా చెల్లెలిది."

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"నన్ను 'ఎవరమ్మా నువ్వు, ఎప్పుడెళ్తావు' అంటున్నారు. కొడుకొస్తే దండం పెట్టి కుర్చీ వేస్తున్నారు. నలభయ్యేళ్ళు చెప్పిన లెక్కలు, ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏడాదికోసారి పైకి చదివిన ఆ కథ మాత్రం మిగిలింది. ఎందుకు మిగిలిందో మరి. అది చెప్పేటప్పుడు ఆయన నాకు తెలిసిన మనిషిలా ఉంటారు. అంతసేపే." ఆవిడ మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "నిన్ను ఆపను. నీ తోడబుట్టినదాని పేరది. వెళ్ళు, అడుగు."

ఆపితే బాగుండేది. ఆపితే పోట్లాడి లోపలికి వెళ్ళేది.

మాస్టారు కిటికీ పక్కన వాలుకుర్చీలో ఉన్నారు. గడ్డం గీసి, తల దువ్వి ఉంది. ఆమెను చూసి మర్యాదగా లేవబోయారు. "రండమ్మా. ఏ పని మీద వచ్చారు?"

అంతలో కార్యదర్శి వచ్చేశాడు. వస్తూనే ఫోను ఒక డబ్బాకు ఆనించి నిలబెట్టి, "ముందు ఇది కానిద్దాం ఆంటీ, అలసిపోతారాయన. తరవాత మీరు అడుగుదురు గాని" అన్నాడు. "మాస్టారూ, ఐసు ఫ్యాక్టరీ..." అని అందించాడు.

ఆ మాట వినగానే మాస్టారి వెన్ను నిటారైంది. గొంతు మారిపోయింది. కుట్టుమిషన్ల షాపు పైన గదిలో విన్న గొంతే అది.

"మా నాన్న ఇంటికొస్తుంటే ముందు రంపప్పొట్టు వాసన వచ్చేది, తరవాత నాన్న వచ్చేవాడు. మా ఇంట్లో అందరికంటే పెద్ద చేతులు ఆయనవి. వాటికి ఏమీ తెలియదన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు..."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. నాన్న నడిచొస్తున్నాడు ఆ గొంతులోంచి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, జేబులో రెండు పిప్పరమెంట్లు వేసుకుని. ఆయన ఇంకొకరి నాన్నలా వస్తుంటే చూస్తూ కూర్చోవడం కన్నా నరకం ఇంకోటి ఉండదనిపించింది.

"ఒకసారి నాకు జ్వరమొచ్చింది. నాన్న నా నుదుటి మీద చెయ్యి వేశాడు. వేసి... వేసి..."

మాస్టారు ఆగిపోయారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. కిటికీ వైపు చూశారు, తలుపు వైపు చూశారు, తన చేతుల వైపు చూసుకున్నారు. కార్యదర్శి కనుబొమలు ముడిచి ఆమె వైపు చూశాడు. అతని మొహంలో మొదటిసారి అనుమానం కనిపించింది. సొంత నాన్న కథను సగంలో మర్చిపోతారా ఎవరైనా?

ఆమె నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అర నిమిషం. ఆమెకు చేతనైన పని ప్రపంచంలో అదొక్కటే. యాభయ్యేళ్ళుగా చేస్తున్నదే. చెల్లెలి కోసం ఇంకో అర నిమిషం చేస్తే కార్యదర్శే ఫోను తీసి పేరు మార్పిస్తాడు.

మాస్టారి కళ్ళు తిరిగి తిరిగి ఆమె మీద ఆగాయి. తప్పిపోయిన పిల్లవాడి చూపు అది. "తరవాతేంటమ్మా?" అన్నారు, దాదాపు వినపడకుండా. గుమ్మంలో ఆయన భార్య దుప్పట్లు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. చెల్లెలి వాక్యం సగంలో తెగి గదిలో అలా ఉండిపోయింది.

"వేసి, ఎంత వేడుందో తెలియక, వంగి చెంప ఆనించి చూశాడు" అంది ఆమె.

"ఆ! చెంప ఆనించి చూశాడు!" మాస్టారు మళ్ళీ అందుకున్నారు.

ఇంకో రెండుచోట్ల ఆగారు. ఆ రెండుచోట్లా ఆమే అందించింది. రెండోసారి ఆయన అడగక ముందే అందించింది. కథ అయిపోయింది. మాస్టారు చెంపల మీది నీళ్ళు తుడుచుకోకుండా అలాగే నవ్వారు.

కార్యదర్శి ఫోను ఆపాడు. అతని కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. అనుమానం ఎప్పుడో ఎగిరిపోయింది. "అద్భుతం మాస్టారూ! మధ్యలో మీ గొంతు పడింది ఆంటీ, ఏం పర్లేదు, అది కోసేసి అతికిస్తా. ఎవరికీ తెలీదు." తరవాత గుర్తొచ్చి, గొంతు తగ్గించాడు. "అడగండి మరి. టైమవుతోంది."

ఆమె కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. "మాస్టారూ, ఈ కథ రాసింది మీరేనా?"

"కథా?" ఆయన తెల్లబోయారు. "కథేంటమ్మా? మా నాన్న."

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. కార్యదర్శి తల దించుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ప్రెస్సుకు వెళ్ళాలని గొణిగి, ఆమె భుజం ఒకసారి తట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. మాస్టారు ఆమెను ఎగాదిగా చూశారు. కూర్చున్న మనిషిని పలకరించకపోతే బాగుండదని తోచినట్టుంది.

"మీ నాన్నగారేం చేసేవారమ్మా?"

"ఐసు ఫ్యాక్టరీలో చేసేవారండీ."

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టేసుకున్నారు. "అయితే మా నాన్నని ఎరిగే ఉంటారే! ఇంటికెళ్ళి ఆయన్ని అడగమ్మా ఒకసారి. మర్చిపోకు."

"అడుగుతానండీ" అంది ఆమె.